'తొందరగా' అంటే ఇంగ్లీషులో ఏ మాట? వేగాన్ని సరిగ్గా చెప్పడం ఎలా

నెల్లూరు ఆర్టీసీ బస్టాండులో ఒంగోలు బస్సు ఎక్కి కూర్చోండి. బస్సు ఊరు దాటేలోపు 'తొందరగా' అనే మాట ఎన్నిసార్లు చెవిన పడుతుందో లెక్కపెట్టండి. కిందటి నెల నేను లెక్కపెట్టాను.

"తొందరగా ఎక్కండమ్మా, లోపల సీట్లున్నాయి" అని కండక్టరు. "తొందరగా వచ్చేశాం, ఇంకా అరగంట టైముంది" అని వెనక సీట్లో పెద్దావిడ, మనవరాలితో. "తొందర్లోనే ఇంటికొస్తా నాయనా" అని ఫోన్లో ఒకాయన. "ఈ మధ్య తొందరగా అలిసిపోతున్నానే" అని ఆ పెద్దావిడే మళ్ళీ. "ఆ రోజు తొందరపడి సంతకం పెట్టేశాను" అని కిటికీ పక్కనున్న మనిషి తన స్నేహితుడితో. హైవే ఎక్కాక, "ఈ డ్రైవరు తొందరగానే తీసుకుపోతాడులే" అని ఇంకెవరో.

మాట ఒక్కటే, ఆరుసార్లు వచ్చింది. ఇంగ్లీషులో మాత్రం ఆరు చోట్లా ఆరు వేరు మాటలు పడతాయి. కండక్టరు చెప్పింది 'క్విక్లీ'. పెద్దావిడ మొదట అన్నది 'ఎర్లీ'. ఫోన్లో మనిషిది 'సూన్'. అలిసిపోవడం దగ్గర 'ఈజిలీ'. సంతకం దగ్గర 'హేస్టిలీ'. డ్రైవరు దగ్గర 'ఫాస్ట్'.

సాయంత్రం పూట ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. వాళ్ళు ఈ ఆరు చోట్లా 'ఫాస్ట్' అనో, ఇంకా కష్టపడి 'ఫాస్ట్‌లీ' అనో అంటారు. తప్పు తెలివితేటల్లో లేదు. తెలుగు మాటను పట్టుకుని దానికి సరిపడే ఇంగ్లీషు మాట వెతకడంలో ఉంది. ఇక్కడ చెప్పేదంతా ఆ అలవాటు మానుకుని, జరుగుతున్న పనిని చూసి మాట ఎంచుకోవడం ఎలాగనేదే. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

మొదటి పని: దేనికి తొందర అని అడగండి

నోరు తెరిచేముందు ఒక్క క్షణం ఆగి, ఇక్కడ వేగం దేనిలో ఉందో చూడండి. కదలికలోనా? పని పూర్తవడానికి పట్టిన కాలంలోనా? గడియారం చూపే వేళలోనా? లేక మనిషి మనసులోనా?

కదిలే వస్తువు చకచకా కదులుతుంటే 'ఫాస్ట్'. బస్సు, రైలు, బౌలర్ చేతిలో బంతి, గుండె కొట్టుకోవడం, అన్నీ ఫాస్టే. పని కొద్దిసేపట్లో అయిపోతే 'క్విక్'. 'ఎ క్విక్ బాత్' అంటే రెండు చెంబులు పోసుకుని వచ్చేయడం. 'ఎ క్విక్ రిప్లై' అంటే వెంటనే వచ్చిన జవాబు. క్రికెట్‌లో రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. 'ఫాస్ట్ బౌలర్' అన్నప్పుడు మనసు బంతి వేగం మీద ఉంటుంది. 'క్విక్ సింగిల్' అన్నప్పుడు ఫీల్డరు బంతి అందుకునేలోపు పరుగు పూర్తయిందా లేదా అన్నదాని మీద ఉంటుంది. కొన్నిచోట్ల ఈ గీత చెరిగిపోతుంది. 'ఫాస్ట్ లెర్నర్' అన్నా 'క్విక్ లెర్నర్' అన్నా ఎవరూ తప్పుపట్టరు. అయినా మొదట్లో గీత గట్టిగా పాటించండి. చెవి అలవాటయ్యాక సడలించవచ్చు.

ఈ రెండు మాటల పుట్టుక తెలిస్తే ఇంకా బాగా గుర్తుంటాయి. 'క్విక్' అంటే పాత ఇంగ్లీషులో 'ప్రాణమున్నది' అని అర్థం. పాదరసాన్ని వాళ్ళు 'క్విక్‌సిల్వర్' అన్నారు, అంటే ప్రాణమున్న వెండి. మనం కూడా చురుకైన కుర్రాణ్ణి చూసి "వీడు పాదరసంరా" అంటాం కదా. నీళ్ళు పోయగానే కుతకుతలాడే సున్నాన్ని 'క్విక్‌లైమ్' అంటారు. అదీ అదే ప్రాణం. కాబట్టి క్విక్‌లో చురుకుదనం ఉంది, చప్పున స్పందించే గుణం ఉంది. ముక్కుమీద కోపం ఉన్నవాణ్ణి 'క్విక్ టెంపర్డ్' అనేది కూడా అందుకే.

'ఫాస్ట్' పుట్టుక వేరు. దాని మొదటి అర్థం 'గట్టిగా, కదలకుండా'. వేగం అనే అర్థం తర్వాత వచ్చింది. ఆ పాత అర్థం ఇంకా పోలేదు, అదే మనల్ని తికమక పెడుతుంది. 'ఫాస్ట్ అస్లీప్' అంటే తొందరగా నిద్రపోవడం కాదు, ఒళ్ళు తెలియని నిద్ర. పెన్నా ఇసుకలో ట్రాక్టరు చక్రం దిగబడి కదలకపోతే అది 'స్టక్ ఫాస్ట్'. చీరల కొట్లో "ఇది ఫాస్ట్ కలర్ అండీ" అంటే రంగు గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఉతికినా పోదని. ఈ మూడూ ఒకచోట రాసి పెట్టుకోండి. పరీక్షల్లోనూ అడుగుతారు, కొట్లోనూ ఎదురవుతాయి.

ఉపవాసానికీ 'ఫాస్ట్' అనే అంటారు. అయితే "ఈరోజు నేను ఉపవాసం" అనడానికి 'ఐ యామ్ ఫాస్ట్ టుడే' అంటే కుదరదు, 'ఐ యామ్ ఫాస్టింగ్ టుడే' అనాలి.

గడియారం చూసే తొందర

"పొద్దున్నే తొందరగా లేవాలి" అన్నప్పుడు మంచం మీంచి వేగంగా లేవడం గురించి చెప్పడం లేదు, ముందు వేళకు లేవడం గురించి చెబుతున్నాం. అక్కడ 'ఎర్లీ' తప్ప వేరే మాట పెట్టకూడదు. 'ఐ గెట్ అప్ ఎర్లీ.' "క్లాసుకు తొందరగా వచ్చాను" అన్నా అంతే, 'ఐ కేమ్ ఎర్లీ'. 'ఐ కేమ్ ఫాస్ట్' అంటే బండి వేగంగా నడుపుకుంటూ వచ్చారని అర్థమవుతుంది.

"తొందరలో వస్తాను" అంటే ఇప్పటినుంచి కొద్దికాలంలో, కాబట్టి 'సూన్'. ఆఫీసులకు రాసేటప్పుడు "త్వరగా జవాబివ్వగలరు" అనడానికి పిల్లలు 'ప్లీజ్ రిప్లై ఫాస్ట్' అని రాస్తుంటారు. చదివేవాళ్ళకు అది గదమాయింపులా అనిపిస్తుంది. 'ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ ఎర్లీ రిప్లై' అని రాయండి. లేదా 'ప్రాంప్ట్ రిప్లై' అనండి. 'ప్రాంప్ట్' అంటే ఆలస్యం చేయకుండా, అడగగానే అని. అది ఆఫీసు మాట. ప్రాంప్ట్ పేమెంట్, ప్రాంప్ట్ యాక్షన్ లాంటి చోట్ల బాగా కుదురుతుంది.

గోడగడియారం ఐదు నిమిషాలు ముందుంటే, 'ద క్లాక్ ఈజ్ ఫైవ్ మినిట్స్ ఫాస్ట్'. వెనకుంటే 'స్లో'.

మనసులోని తొందర

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. మా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు డిగ్రీ కాగానే ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళాడు. నీలో ఉన్న మంచి గుణం ఏమిటని అడిగారట. వెంటవెంటనే నిర్ణయాలు తీసుకోగలనని చెప్పాలన్నది వాడి ఉద్దేశం. 'ఐ టేక్ హేస్టీ డెసిషన్స్' అన్నాడు. అవతలివాళ్ళు ఒకసారి తలెత్తి చూసి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు. ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క మాటవల్లే రాలేదని నేను అనలేను. కానీ 'హేస్టీ'లో తొందరపాటు ఉందనీ, అది నింద మాటనీ వాడికి నేను ముందే నేర్పి ఉండాల్సింది. అప్పటినుంచి ఏ బ్యాచికైనా మొదటి వారంలోనే ఈ తేడా చెబుతున్నాను.

'క్విక్ డెసిషన్' మెచ్చుకోలు. 'హేస్టీ డెసిషన్' తప్పు. 'హర్రీడ్' అంటే హడావిడిగా, టైము చాలక చేసినది. 'ఎ హర్రీడ్ మీల్' అంటే బస్సు పోతుందన్న టెన్షన్‌తో మింగిన అన్నం. 'ర్యాష్' ఇంకా ఘాటైన మాట, వెనకాముందు చూసుకోకుండా చేసినదని. పోలీసు కేసుల వార్తల్లో 'ర్యాష్ డ్రైవింగ్' అని చదువుతుంటాం కదా, అదే.

మనవాళ్ళు చలాకీగా పనిచేసే అమ్మాయిని "భలే ఫాస్ట్ అండీ" అని మెచ్చుకుంటారు. ఇంగ్లీషులో మనిషినే పట్టుకుని 'షి ఈజ్ ఫాస్ట్' అంటే, పాత వాడుకలో నడత మీద వేలు చూపించే అర్థం ఒకటి ఉంది. అందుకని 'షి ఈజ్ క్విక్' అనండి, లేదా పని పేరు చెప్పి 'షి వర్క్స్ ఫాస్ట్' అనండి. ఎవరికీ ఇబ్బంది ఉండదు.

'గా' చూసి మోసపోకండి

తెలుగులో 'వేగమైన' అంటే విశేషణం, 'వేగంగా' అంటే క్రియావిశేషణం అని బడిలో చెప్పారు. ఇంగ్లీషులో చాలావరకు విశేషణానికి చివర 'లీ' చేరిస్తే క్రియావిశేషణం అవుతుంది: స్లో, స్లోలీ, క్విక్, క్విక్లీ, ర్యాపిడ్, ర్యాపిడ్లీ. ఇంతవరకు అందరికీ వచ్చు.

చిక్కు 'ఉంది' దగ్గర వస్తుంది. "నెట్ స్లోగా ఉంది" అన్నప్పుడు 'గా' కనబడుతుంది కాబట్టి పిల్లలు 'ద నెట్ ఈజ్ స్లోలీ' అంటారు. 'గా' తర్వాత 'ఉంది' వస్తే మనం వస్తువు గుణం చెబుతున్నట్టు, ఇంగ్లీషులో అక్కడ విశేషణమే పెట్టాలి: 'ద నెట్ ఈజ్ స్లో'. 'గా' తర్వాత నడవడం, సాగడం, రాయడం లాంటి పని వస్తేనే 'లీ' కావాలి: "పని నెమ్మదిగా సాగుతోంది", 'ద వర్క్ ఈజ్ గోయింగ్ స్లోలీ'. ఈ ఒక్క పరీక్ష పెట్టుకుంటే వందలో తొంభై తప్పులు అక్కడే ఆగిపోతాయని నా నమ్మకం.

'ఫాస్ట్'కు 'లీ' చేరదు. 'ఎ ఫాస్ట్ బస్' అన్నా ఫాస్టే, 'ద బస్ గోస్ ఫాస్ట్' అన్నా ఫాస్టే. 'ఎర్లీ', 'హార్డ్', 'లేట్' కూడా ఇలాంటివే. 'హార్డ్', 'లేట్'లకు 'లీ' చేర్చి చూడండి, అర్థమే మారిపోతుంది. 'హార్డ్‌లీ' అంటే కష్టపడి కాదు, దాదాపు లేనట్టే. 'లేట్‌లీ' అంటే ఆలస్యంగా కాదు, ఈ మధ్య. 'స్పీడ్‌లీ' అనే మాట అసలు లేదు. 'హి ఈజ్ వెరీ స్పీడ్' అనీ అనకూడదు, 'స్పీడ్' వస్తువు పేరు లాంటి మాట. "బండి స్పీడుగా పోతోంది" అనడానికి 'ద బైక్ ఈజ్ గోయింగ్ ఫాస్ట్' చాలు, లేదా 'ఎట్ హై స్పీడ్'. 'ఇన్ స్పీడ్' కాదు. 'ఎట్' అన్న ఆ చిన్న మాటే చాలామంది వదిలేస్తారు.

మాట ఎక్కడ పెట్టాలనేది ఇంకో సంగతి. తెలుగులో "బస్సు వేగంగా నడుపుతాడు" అని క్రియకు ముందు పెడతాం. అదే వరసలో 'హి ఫాస్ట్ డ్రైవ్స్ ద బస్' అంటే ఇంగ్లీషు వినేవాళ్ళ చెవికి గుచ్చుకుంటుంది. ఫాస్ట్ ఎప్పుడూ వెనకాలే వస్తుంది, బస్సు తర్వాత: 'హి డ్రైవ్స్ ద బస్ ఫాస్ట్'. 'క్విక్లీ'కి మాత్రం కాస్త స్వేచ్ఛ ఉంది. 'షి క్విక్లీ షట్ ద డోర్' అని ముందూ పెట్టవచ్చు, 'షి షట్ ద డోర్ క్విక్లీ' అని చివరా పెట్టవచ్చు.

'ఇంకా వేగంగా' అనడానికి 'ఫాస్టర్', అంతే. 'మోర్ ఫాస్టర్' వద్దు. 'స్లోలీ', 'క్విక్లీ' లాంటి 'లీ' చేర్చిన మాటలకు 'మోర్' కావాలి. ఫోన్లో బ్యాంకువాళ్ళో కంపెనీవాళ్ళో ఇంగ్లీషులో గడగడా చదివేస్తుంటే అడగాల్సిన వాక్యం ఒకటుంది: 'కుడ్ యు స్పీక్ ఎ లిటిల్ మోర్ స్లోలీ, ప్లీజ్?' ఇది బట్టీ పట్టండి. అర్థంకాకపోయినా 'యెస్, యెస్' అనేయడం కంటే ఇలా అడగడం వెయ్యి రెట్లు నయం.

'వెరీ', 'టూ' తేడా మాత్రం తెలుగువాళ్ళకు చాలా సులువు. 'చాలా వేగంగా' అంటే 'వెరీ ఫాస్ట్'. 'మరీ వేగంగా' అంటే 'టూ ఫాస్ట్'. 'మరీ'లో ఉన్న వద్దన్న భావమే 'టూ'లోనూ ఉంది.

ఏ మాట దేనితో జత కడుతుందో చూసుకోండి

ఇంగ్లీషులో మాటలు పెళ్ళి సంబంధాల్లాంటివి. అర్థం సరిపోయినా జత కుదరకపోతే కుదరదు. ఇక్కడ సూత్రాలు పనిచేయవు, జంటలుగా గుర్తుపెట్టుకోవడమే దారి. తెలుగు పేపరు చదివే అలవాటుంటే ఈ పని హాయిగా అవుతుంది. మన పేపర్లలోనూ ఇలాంటి జంటలే ఉంటాయి.

'సత్వర న్యాయం' చూడండి. ఇంగ్లీషులో 'స్పీడీ జస్టిస్'. విచారణకైతే 'స్పీడీ ట్రయల్'. ఖైదీల విషయంలో 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు, సత్వర విచారణ రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే హక్కులో భాగమేనని చెప్పింది. ఆ తీర్పు గురించి ఎక్కడ చదివినా 'స్పీడీ ట్రయల్' అనే ఉంటుంది, 'ఫాస్ట్ ట్రయల్' అని ఉండదు. కానీ అలాంటి విచారణ కోసం పెట్టిన కోర్టును 'ఫాస్ట్ ట్రాక్ కోర్ట్' అంటారు. ఎందుకలా అని అడిగితే జవాబు లేదు. ఒంట్లో బాగాలేని మనిషికి 'స్పీడీ రికవరీ' కోరుకుంటాం, అదీ ఇంతే.

'సత్వర చర్యలు' అయితే 'స్విఫ్ట్ యాక్షన్' లేదా 'ప్రాంప్ట్ యాక్షన్'. స్విఫ్ట్ కొంచెం రాతలో వాడే మాట, మాటల్లో తక్కువ. నీళ్ళ దగ్గర కూడా వస్తుంది. ఏటి 'వడి' ఉంది చూడండి, అది 'స్విఫ్ట్ కరెంట్'. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు చూసినవాళ్ళకు ఆ మాట బరువు తెలుస్తుంది.

'ర్యాపిడ్' అంటే మార్పులో వేగం. ధరలు పెరగడం, ఊరు పెరగడం, జబ్బు పాకడం, నాడి కొట్టుకోవడం లాంటివి. కొవిడ్ రోజుల్లో 'ర్యాపిడ్ టెస్ట్' అందరికీ అలవాటైన మాటే. 'ర్యాపిడ్ బస్' అనం.

నాకు చాలా ఇష్టమైన మాట 'బ్రిస్క్'. తెలుగులో 'జోరుగా' అనే మాటకు ఇంత దగ్గరగా వచ్చేది ఇంగ్లీషులో ఇంకోటి లేదు. పండగ ముందు ట్రంకు రోడ్డులో బట్టల కొట్ల ముందు నిలబడి చూస్తే 'బ్రిస్క్ బిజినెస్' అంటే ఏమిటో తెలుస్తుంది. ఎన్నికల రోజు పేపర్లో "జోరుగా పోలింగ్" అని వస్తే ఇంగ్లీషు పేపర్లో 'బ్రిస్క్ పోలింగ్' అని వస్తుంది. "మందకొడిగా పోలింగ్" అని వస్తే అక్కడ 'స్లో' అనో 'స్లగిష్' అనో ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ళకు డాక్టర్లు చెప్పే 'బ్రిస్క్ వాక్' కూడా ఇదే, చేతులు ఊపుకుంటూ చురుగ్గా నడవడం. 'శరవేగంగా పనులు' అంటే 'ఎట్ ఎ ర్యాపిడ్ పేస్'. 'యుద్ధప్రాతిపదికన' అంటే 'ఆన్ ఎ వార్ ఫుటింగ్', ఇది మాటకు మాట సరిపోతుంది.

అయితే జోరువాన దగ్గర 'బ్రిస్క్' ఒప్పుకోదు. 'బ్రిస్క్ రెయిన్' కాదు, 'ఫాస్ట్ రెయిన్' అంతకన్నా కాదు. వాన 'హెవీ', గాలి 'స్ట్రాంగ్'. వానకు బరువు చెప్పే మాట, గాలికి బలం చెప్పే మాట జత కడతాయి. కోస్తాలో ఉండేవాళ్ళం, తుపాను సమయంలో వచ్చే ఇంగ్లీషు బులెటిన్ అర్థం చేసుకోవడం మనకు చదువు కంటే ఎక్కువ అవసరం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్లకు దగ్గరలో తీరం దాటినప్పుడు గాలుల వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఉండుండి 110 దాకా ఉంది. బులెటిన్‌లో 'సస్టెయిన్డ్ విండ్ స్పీడ్' అంటే విడవకుండా వీచే గాలి వేగం. 'గస్టింగ్ టు' అని పక్కనే ఉంటే, ఉండుండి ఒక్కసారిగా కొట్టే ఈదురుగాలి అంతవరకు వెళ్ళవచ్చని. 'మూవింగ్ స్లోలీ' అని కనబడితే తేలిగ్గా తీసుకోకండి. అది గాలి వేగం గురించి కాదు, తుపాను మొత్తంగా జరిగే వేగం గురించి. నెమ్మదిగా కదిలే తుపాను ఒకేచోట ఎక్కువసేపు వాన కురిపిస్తుంది.

ఇక రెండు మాటలు కలిపి చేసే విశేషణాలు. 'ఫాస్ట్ గ్రోయింగ్', 'స్లో మూవింగ్' లాంటివి. చెరువుల్లో పెంచే వనామీ రొయ్య 'ఫాస్ట్ గ్రోయింగ్'. చీమకుర్తి నుంచి గ్రానైటు రాయి వేసుకుని వచ్చే లారీ 'స్లో మూవింగ్'. రాతలో ఆ రెండింటి మధ్య చిన్న అడ్డగీత పెట్టాలి.

నెమ్మదిగా అనడంలో ఉన్న చిక్కు

వేగం గురించి ఇంత చెప్పుకున్నాం, 'మెల్లగా' దగ్గర ఇంకా ఎక్కువ జారిపడతాం.

ఆస్పత్రి వార్డులో నర్సు "మెల్లగా మాట్లాడండి" అంటే 'స్పీక్ సాఫ్ట్‌లీ'. ఫోన్లో అర్థంకాక మీరు "మెల్లగా మాట్లాడండి" అంటే 'స్లోలీ'. ఆటోలోంచి అమ్మను దించుతూ "మెల్లగా, మెల్లగా" అంటే 'జెంట్లీ' లేదా 'కేర్‌ఫుల్లీ'. "మెల్లగా అలవాటవుతుందిలే" అంటే 'గ్రాడ్యువల్లీ'. "మీటింగులోంచి మెల్లగా జారుకున్నాడు" అంటే 'క్వయెట్లీ'. ఇన్నింటికీ 'స్లోలీ' వాడితే ఆస్పత్రిలో మనిషి అంతే గట్టిగా, కాకపోతే సాగదీసి మాట్లాడతాడు.

మనం "మెల్లమెల్లగా", "తొందర తొందరగా" అని రెండుసార్లు అంటాం. ఇంగ్లీషులో 'స్లోలీ స్లోలీ', 'ఫాస్ట్ ఫాస్ట్' అనరు. మొదటిదానికి 'గ్రాడ్యువల్లీ' వాడండి, రెండోదానికి 'ఇన్ ఎ హర్రీ'.

తాపీగా చేసేదానికి 'లీజర్లీ' ఉంది. చివర 'లీ' ఉన్నా అది విశేషణం. అందుకని 'వియ్ వాక్డ్ ఎట్ ఎ లీజర్లీ పేస్' అనాలి. 'నత్తనడక' మాత్రం అచ్చంగా దొరుకుతుంది: 'ఎట్ ఎ స్నెయిల్స్ పేస్'.

'స్టెడీ' గురించి చెప్పాలంటే బండలాగుడు పందెం చూసినవాళ్ళకు చెప్పడం తేలిక. ఒంగోలు గిత్తలు మొదట్లో ఒక్క ఊపు లాగి తర్వాత ఆగిపోతే లాభం లేదు. పెట్టిన కాలంలో ఎంత దూరం లాగాయన్నదే లెక్క. ఎగుడుదిగుళ్ళు లేకుండా, ఆగకుండా సాగే ఆ వేగమే 'ఎ స్టెడీ పేస్'. స్టెడీ అంటే నెమ్మది అనుకునేవాళ్ళున్నారు, అది తప్పు. ఎక్కువైనా తక్కువైనా, మారకుండా ఉంటే చాలు.

కొన్నిసార్లు క్రియావిశేషణమే వద్దు

మనకు గబగబా, చకచకా, సరసరా, చటుక్కున, టక్కున, గభాలున అని బోలెడు మాటలున్నాయి. క్రియ మామూలుదే ఉంటుంది, రుచంతా ఈ మాటల్లో ఉంటుంది. ఇంగ్లీషులో ఆ రుచిని తరచు క్రియలోనే పెడతారు. "గబగబా నడిచింది" అనడానికి 'షి వాక్డ్ వెరీ ఫాస్ట్' తప్పు కాదు, కానీ 'షి హర్రీడ్' అంటే ఒక్క మాటలో అయిపోతుంది. హడావిడిగా దూసుకొస్తే 'రష్డ్'. షికారుగా నడిస్తే 'స్ట్రోల్డ్'. టోల్‌గేటు దగ్గర బండ్లు ఇంచు ఇంచు జరుగుతుంటే 'క్రాల్డ్', పాకాయని. 'గభాలున లేచాడు' దగ్గర మాత్రం 'సడన్‌లీ' కావాలి. అది వేగం మాట కాదు, అనుకోకుండా జరిగిందని చెప్పే మాట. ఈ రెండూ కలిపేసుకోకండి.

ఇక సాధన

రాకెట్ పైకి లేచే రోజు దీనికి చాలా మంచిది. శ్రీహరికోట 2022 జిల్లాల మార్పుల్లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది కానీ, ప్రయోగం రోజు నెల్లూరు మేడల మీద జనం దక్షిణం వైపు చూస్తూ నిలబడటం ఏమీ మారలేదు. 2023 జూలై 14న మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్-3 బయల్దేరింది. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. శబ్దం తీసేసి చూస్తూ మీరే ఇంగ్లీషులో చెప్పండి. మొదటి రెండు మూడు క్షణాలు అది ఎంత నెమ్మదిగా లేస్తుందో గమనించండి. రాకెట్ బరువు దాదాపు 640 టన్నులు మరి. అక్కడ 'ఇట్ రైజెస్ స్లోలీ'. తర్వాత వేగం పుంజుకుంటుంది, 'ఇట్ గ్యాదర్స్ స్పీడ్'. కాసేపటికి 'ఇట్ ఈజ్ క్లైంబింగ్ ర్యాపిడ్లీ'. ఎత్తు, వేగం రెండూ మారుతూ పోతున్నాయి కాబట్టి ఇక్కడ ర్యాపిడ్లీ అందంగా కుదురుతుంది. అర నిమిషం వీడియోకు నాలుగు వాక్యాలు చాలు. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి.

రెండో సాధన బస్సులో. నెల్లూరు నుంచి ఒంగోలు దాదాపు 120 కిలోమీటర్లు, కావలి మధ్యలో వస్తుంది. కావలి వచ్చేదాకా కిటికీలోంచి కనబడేవాటికి ఒక్కొక్క వాక్యం కట్టండి. దాటిపోయిన కారు, ఎడమ అంచున మెల్లగా పోయే ట్రాక్టరు, పట్టాల మీద వెళ్ళే రైలు, టోల్‌గేటు దగ్గర వరస. అంకెలు చెప్పాలంటే 'ఎట్ ఎయిటీ కిలోమీటర్స్ ఎన్ అవర్' అనండి, ముందు 'ఎట్' మరిచిపోకుండా.

కావలి దాటాక కిటికీ వదిలేసి బస్సులో మాటలు వినండి. 'తొందరగా', 'మెల్లగా' వినబడ్డ ప్రతిసారీ ఆ తెలుగు వాక్యం మొత్తం నోటుబుక్కులో రాసుకోండి, ఎవరు ఎవరితో అన్నారో కూడా. ఇంగ్లీషు అప్పుడే రాయకండి. ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిన్నాక నింపాదిగా ఒక్కొక్క వాక్యం పక్కన రాయండి. నా నోటుబుక్కులో కిందటి నెల రాసుకున్న ఆరు వాక్యాలకు ఇప్పుడు పందొమ్మిది చేరాయి. వాటిలో చివరిది మొన్న మా వీధిలో పాలు పోసే ఆమె అన్నది: "ఎండలకు పాలు తొందరగా విరిగిపోతున్నాయమ్మా, వచ్చిన వెంటనే కాచుకోండి." మొదటిదానికి 'క్విక్లీ', రెండోదానికి 'ఇమ్మీడియట్లీ' అని రాశాను.